షక్కర్ కార్ఖానా, మంజీరా నీళ్లు, రోషనీ చెప్పే గవాహీ

బోధన్ తారీఖ్ చెప్పమంటే మనోళ్లు షక్కర్‌తో మొదలుపెడతారు. కానీ అసలు మొదలు షక్కర్ కాదు, పానీ. మంజీరా నీళ్లు కాలువల్లోకి రాకపోతే నల్లరేగడిలో చెరకు లేదు. చెరకు లేకపోతే కార్ఖానా లేదు. కార్ఖానా లేకపోతే షక్కర్‌నగర్ అనే ఊరే లేదు. కాబట్టి ఇది నీళ్ల కథ. నీళ్లలో కరిగిపోయి కంటికి కనపడకుండా ఉండే ఆకు రసం, మట్టి సారం, మురుగు, చెరకు మడ్డి గుర్తును వెలుతురుతో ఎలా చదువుతారన్న కథ. ఈ ఇల్మ్ ఎక్కడెక్కడ తిరిగి ఇంతదాకా వచ్చిందో, మన జిల్లా ఖందాన్లకు దానితో ఏం పనో చెప్పుకుందాం.

దర్యా నుంచి కార్ఖానాకు

నిజాంసాగర్ పనులు 1923లో మొదలై 1931లో పూర్తయ్యాయి. అప్పటి హుకూమత్ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ప్లాను వెనకున్న చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజు జూలై 11ని ఈరోజు తెలంగాణ ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది. మంజీరాకు అడ్డంగా కట్టిన ఆ బంధంతో 2 లక్షల 75 వేల ఎకరాలకు నీళ్లు ఇవ్వాలన్నది లెక్క. నిజామాబాద్ పక్కన అలీసాగర్ కూడా 1931 నాటిదే. కాలువలు పారాక కోస్తా నుంచి రైతులు వచ్చి వర్ని, కోటగిరి, బోధన్ వైపు క్యాంపులు వేసుకున్నారు. ఉర్దూ, తెలంగాణ తెలుగు, గుంటూరు తెలుగు, మరాఠీ ఒకే బజారులో వినిపించడం అప్పటినుంచే.

1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒక జమానాలో ఆసియాలోనే పెద్ద చక్కెర కార్ఖానాగా పేరు మోసింది. దాని చుట్టూ క్వార్టర్లు, మస్జిద్, మందిర్, బడి, దవాఖానా. చెరకు నరికే కూలీ నుంచి పాకం మరిగించే పాన్‌మ్యాన్ దాకా ఎన్నో ఇళ్ల పొయ్యి దానిమీదే వెలిగింది.

చెరకు కార్ఖానా హిసాబ్ ఒకసారి చూడండి. 100 టన్నుల చెరకు గానుగలోకి పోతే సుమారుగా 10 టన్నుల షక్కర్ వస్తుంది. 30 టన్నుల దాకా పిప్పి మిగులుతుంది. రసాన్ని సున్నం వేసి తేర్చినప్పుడు 3, 4 టన్నుల ఫిల్టర్ మడ్డి. ఇక షక్కర్‌గా గడ్డకట్టని నల్లటి షీరా, అంటే మొలాసిస్, 4, 5 టన్నులు. పిప్పి బాయిలర్‌లో కాలుతుంది. ఫిల్టర్ మడ్డి పొలానికి పోతుంది. షీరా డిస్టిలరీకి పోతుంది. షక్కర్‌నగర్‌కు డిస్టిలరీ కూడా తోడైంది.

డిస్టిలరీల తీరు వేరు. ఎక్కడైనా సరే, మొలాసిస్ నుంచి ఒక లీటరు ఆల్కహాల్ తీస్తే 8 నుంచి 15 లీటర్ల ముదురు గోధుమరంగు వ్యర్థజలం మిగులుతుంది. అందులో సేంద్రియ పదార్థం ఊరి మురుగుకన్నా వంద రెట్లకు పైగా గాఢంగా ఉంటుంది. ఆ రంగు మెలనాయిడిన్లది. చక్కెర, ప్రోటీన్ల ముక్కలు వేడికి కలిసి పుట్టే పదార్థాలివి. ఫ్రాన్సుకు చెందిన లూయీ కమీయ్ మయ్యార్ 1912లో ఈ రసాయన చర్యను వివరించాడు. మన వంటింట్లో బిర్యానీకి ఉల్లిగడ్డ బరిస్తా వేయిస్తే వచ్చే రంగులో, తవా మీద రొట్టెకు పడే మచ్చలో ఉన్నది కూడా చాలావరకు ఆ చర్యే. ప్లేటులో ఉంటే అది లజ్జత్. నీళ్లలో పడితే అంత సులువుగా కుళ్లని రంగు. సూక్ష్మజీవులు దాన్ని తినడానికి చాలా మెహనత్ చేయాలి.

రంగు, బూ, మజా

మరి మన బుజుర్గులు నీళ్లను ఎలా తూచేవాళ్లు? వుజూ మసాయిల్ చదివిన ప్రతి బిడ్డకూ ఇది తెలుసు. రంగు, వాసన, రుచి. ఈ మూడింటిలో ఏదైనా నజాసత్ వల్ల మారితే, పారే నీరైనా పెద్ద హౌజ్ నీరైనా నాపాక్. హనఫీ ఫిఖ్‌లో పెద్ద హౌజ్‌కు కొలత కూడా ఉంది. పది మూరలకు పది మూరలు, దాన్నే దహ్ దర్ దహ్ అంటారు. పాత మస్జిదుల హౌజ్‌లు అంత విశాలంగా కట్టడానికి ఇదొక కారణం. చిన్న పాత్రలో నీళ్లకు నియమం ఇంకా గట్టిది.

దీన్ని ఇప్పటి కళ్లతో చూసినా ఆశ్చర్యమే. మైక్రోస్కోపు లేని జమానాలో, ఎవరికైనా అందుబాటులో ఉండే మూడు పరికరాలు కన్ను, ముక్కు, నాలుక. వాటితో పేదోడూ నవాబూ ఒకే నియమం పాటించగలిగేలా చేసింది. పారే నీటికీ నిలిచిన నీటికీ, పెద్ద నీటికీ చిన్న నీటికీ ఫర్క్ చెప్పింది.

అయితే ఇక్కడ ఒక మాట స్పష్టంగా ఉండాలి. పాక్ అనేది ఇబాదత్‌కు సంబంధించిన హుకుం. దాని మస్‌అలాలు చెప్పడానికి ఉలమా ఉన్నారు. పాక్ అయిన నీళ్లన్నీ తాగడానికి మంచివని ఎవరూ అనలేదు. సముద్రం నీళ్లతో వుజూ అవుతుంది, దాహం తీరదు. బోరు నీళ్లు తేటగా ఉండొచ్చు, బూ లేకపోవచ్చు, మజా తియ్యగా ఉండొచ్చు. పక్క సెప్టిక్ ట్యాంకు నుంచి ఊరిన మురుగు అందులో వేల వంతుల్లో ఒక వంతు కలిసినా నాలుకకు అందదు. అక్కడ మూడు ఇంద్రియాలు ఆగిపోతాయి. రోషనీ పని అక్కడ మొదలవుతుంది.

హల్దీ, నోట్లు చూసే లైటు

నిజామాబాద్ మార్కెట్ యార్డు పసుపుకు మశ్‌హూర్. జాతీయ పసుపు బోర్డు కేంద్రం కూడా 2025లో ఇక్కడికే వచ్చింది. చిటికెడు హల్దీని కొంచెం స్పిరిట్‌లో కలిపి, దుకాణాల్లో దొంగనోట్లు పట్టే ఊదా లైటు కింద పెట్టండి. ఆకుపచ్చ కలిసిన పసుపు వెలుగు లేస్తుంది. అదే లైటు కింద ఉతికిన తెల్ల కుర్తా నీలంగా మెరుస్తుంది. సర్ఫులో కలిపే తెలుపు రసాయనం చేసే పని అది. లైటు వైపు నేరుగా చూడొద్దు, పిల్లలను చూడనివ్వొద్దు.

దీని పేరే ఫ్లోరోసెన్స్. కొన్ని పదార్థాలు ఎక్కువ శక్తి ఉన్న వెలుతురును మింగి, కొంత తమ దగ్గర ఉంచుకొని, మిగిలింది తక్కువ శక్తి ఉన్న మరో రంగు వెలుతురుగా తిరిగిచ్చేస్తాయి. యార్డులో దలాల్ లాంటిదనుకోండి. చేతికొచ్చిన పైసల్లో తన కమీషన్ పట్టుకొనే మిగతాది ఇస్తాడు. ఎంత పట్టుకున్నాడో చూసి ఏ దలాలో చెప్పొచ్చు. అట్లనే, ఏ రంగు వేస్తే ఏ రంగు తిరిగొచ్చిందో చూసి ఏ పదార్థమో అంచనా కట్టొచ్చు.

1845లో ఇంగ్లండ్‌లో జాన్ హెర్షెల్ ఈ వింతను క్వినైన్ ద్రావణంలో చూశాడు. తేట నీళ్లలాంటి ద్రావణం ఎండ పడ్డ చోట నీలంగా మెరిసింది. 1852లో జార్జ్ స్టోక్స్ అసలు సంగతి వివరించి, ఫ్లోరోసెన్స్ అన్న పేరు పెట్టాడు. క్వినైన్ అంటే మలేరియా మందు. మలేరియా దోమలో ఉంటుందని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఆ క్వినైన్ ఇప్పటికీ ఫ్లోరోసెన్స్ కొలతలకు తూనికరాయిగా పనికొస్తోంది.

నీటికీ తనదైన వెలుగు

ఈ కథలో రెండో తూనికరాయి హిందుస్తాన్‌లో దొరికింది. 1921లో సి.వి. రామన్ ఓడలో యూరప్ నుంచి తిరిగొస్తూ మధ్యధరా సముద్రం నీలాన్ని చూసి ఆలోచనలో పడ్డాడు. కలకత్తాలో ఆయన దగ్గర పనిచేస్తున్న కె.ఆర్. రామనాథన్ 1923లో శుద్ధి చేసిన నీళ్లలోంచి వెలుతురు పంపి చూస్తే, చెదిరిన వెలుతురులో పంపిన రంగు కాక మరో రంగు చాలా బలహీనంగా కనపడింది. ఏదో మలినం తాలూకు ఫ్లోరోసెన్స్ అయ్యుంటుందని అనుమానించారు. మళ్లీ మళ్లీ శుద్ధి చేశారు. పోలేదు. 1928 ఫిబ్రవరి 28న రామన్, కె.ఎస్. కృష్ణన్ దాని గుట్టు విప్పారు. అది మలినం వెలుగు కాదు. నీటి అణువు తనంతట తాను చేసే పని. అదే రామన్ ఎఫెక్ట్. 1930లో నోబెల్ వచ్చింది.

తమాషా ఏంటంటే, ఇప్పుడు నీళ్లలోని మలినాన్ని కొలిచే శాస్త్రజ్ఞులు ఆ నీటి సొంత వెలుగునే కొలబద్దగా వాడుతున్నారు. 350 నానోమీటర్ల కిరణం వేస్తే శుద్ధమైన నీరు 397 దగ్గర చిన్న శిఖరం చూపిస్తుంది. ప్రపంచంలో ఏ మూలైనా నీరు నీరే గనక ఆ శిఖరమూ అదే. దానితో పోల్చి, ఈ మిషన్‌లో ఇంత వెలుగు, ఆ మిషన్‌లో అంత వెలుగు అన్న తేడాను సరిచేస్తారు. మలినమని అనుమానించింది మలినాన్ని తూచే రాయి అయింది.

రామన్ శాగిర్దుల్లో మన తెలుగువాడూ ఉన్నాడు. సూరి భగవంతం. కృష్ణా జిల్లాలో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, 1928లోనే కలకత్తా పోయి రామన్ దగ్గర చేరాడు. తర్వాత 1950లలో ఉస్మానియా యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ అయ్యాడు. ఆ ఉస్మానియా 1918లో ఉర్దూ మీడియంతో మొదలైంది. దానికోసం దారుల్ తర్జుమా పెట్టి కీమియా, హిసాబ్, ఇంజినీరింగ్ కితాబులు ఉర్దూలోకి తెచ్చారు. సైన్సు మన జుబాన్‌లో ఇమడదన్న మాటకు అదే జవాబు.

నీళ్లకు నక్షా

నీళ్లలో కరిగిన సేంద్రియ పదార్థం ఒక్కటి కాదు. కుళ్లిన ఆకు, గడ్డి, మట్టి నుంచి ఊరే హ్యూమిక్ పదార్థాలున్నాయి. నాచు, సూక్ష్మజీవులు వదిలే ప్రోటీన్ ముక్కలున్నాయి. మనుషుల, పశువుల మలంలోంచి వచ్చేవి ఉన్నాయి. వేల రకాల అణువులు. ఒక్కొక్కటీ విడదీయాలంటే ఉమర్ చాలదు. 20వ శతాబ్దం నడిమిలో జర్మన్ సముద్ర శాస్త్రజ్ఞుడు కుర్ట్ కాల్లే సముద్రంలోని పసుపు పదార్థం ఫ్లోరోసెన్స్ చూపుతుందని రాశాడు. ఆ తర్వాత మిషన్లు మెరుగయ్యాక అసలు మలుపు వచ్చింది. ఒక్క రంగు కాదు, ఊదాతీత కిరణాల నుంచి నీలం దాకా ఒక్కో మెట్టూ మారుస్తూ వేసి, ప్రతిసారీ తిరిగొచ్చే రంగులన్నీ రాసుకుంటే ఒక నక్షా తయారవుతుంది. కొండలు, లోయలు గీసిన పటంలాగే ఉంటుంది.

అమెరికాలో పౌలా కోబుల్ 1996లో ఆ నక్షా మీది కొండలకు పేర్లు పెట్టింది. 260 లేదా 350 నానోమీటర్ల కిరణం వేస్తే 400 నుంచి 480 మధ్య లేచే కొండలు ఎక్కువగా నేల, ఆకు నుంచి వచ్చిన హ్యూమిక్ పదార్థాలవి. 275 వేస్తే 340 దగ్గర లేచే కొండ ట్రిప్టోఫాన్‌ది, అంటే ప్రోటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లానిది. మురుగు కలిసిన నీళ్లలో ఈ కొండ పెరుగుతుంది. 2001లో డయాన్ మెక్‌నైట్, ఆమె సహచరులు ఒక సూచీ ఇచ్చారు. అది 1.4 దగ్గరుంటే పదార్థం నేల మీది మొక్కలది. 1.9 దగ్గరుంటే సూక్ష్మజీవులది. 2003లో స్టెడ్‌మన్, మార్కాగర్, బ్రో అనే ముగ్గురు డెన్మార్క్ శాస్త్రజ్ఞులు, ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోయిన కొండలను గణితంతో విడదీసే దారి చూపారు.

దీని ఫాయిదా ప్రయోగశాలలోనే ఆగలేదు. బ్రిటన్ పరిశోధకులు బీహార్ పల్లెల్లో తాగునీటి వనరుల దగ్గర ట్రిప్టోఫాన్ వెలుగు కొలిచారు. మరుగుదొడ్ల నుంచి మలినం భూగర్భజలంలోకి చేరుతోందా అన్నది ప్రశ్న. 2016లో ఆ తహఖీఖ్ అచ్చయింది. బాక్టీరియా పరీక్షకు ఒక రోజు ఆగాలి. వెలుగు పరీక్షకు నిమిషాలు చాలు, రసాయనాలు అక్కర్లేదు.

గవాహీకి హద్దులు

ఇక్కడ జల్దీ పడొద్దు. ఒక్క గవా మాట మీద ఖాజీ ఫైసలా ఇవ్వడు. రోషనీ గవాహీకీ హద్దులున్నాయి.

మొదటిది, మెలనాయిడిన్ల వెలుగు, ఆకుమట్టి హ్యూమిక్ వెలుగు నక్షాలో దాదాపు ఒకేచోట పడతాయి. చెరువులో ఆ కొండ కనపడిందని డిస్టిలరీ మీద నెపం వేయలేం. పొలంలో కుళ్లిన చెరకు ఆకు కావొచ్చు. అందుకే పై నీళ్లు, కింది నీళ్లు, వానకు ముందు, వాన తర్వాత, అన్నీ పోల్చాలి. రెండోది, మరీ ముదురు నీళ్లు తమ వెలుగును తామే మింగేస్తాయి. మలినం పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు కనపడే మోసం అది. పల్చన చేసి కొలవాలి. మూడోది, వేడి, ఇనుము వెలుగును అణిచేస్తాయి. నాలుగోది, ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పు, సీసం దీనికి కనపడనే కనపడవు. వాటికి వేరే పరీక్షలు.

మరో సంగతి అమ్మీలు, బహెన్‌లు తెలుసుకోవాలి. ఆకు, మట్టి సారం సహజమే గదా, దానితో నష్టమేంటని అడగొచ్చు. చెరువు నీళ్లలో క్లోరిన్ వేస్తే అది క్రిములను చంపుతుంది. కానీ హ్యూమిక్ పదార్థాలతో కలిస్తే క్లోరోఫాం ఖందాన్‌కు చెందిన ట్రైహాలోమీథేన్లు కొద్దికొద్దిగా పుడతాయి. 1974లో హాలండ్‌లో యోహానెస్ రూక్ దీన్ని బయటపెట్టాడు. అట్లని క్లోరిన్ మానేస్తే కలరా తిరిగొస్తుంది. దవా ఏంటంటే, క్లోరిన్ వేసేముందే ఆ పదార్థాన్ని పటికతో తేర్చి, వడపోసి తగ్గించడం. ఎంత తగ్గిందో చెప్పడానికి మళ్లీ ఈ వెలుగు పరీక్షే అక్కరకొస్తుంది.

కార్ఖానా మూసినా దర్యా ఆగదు

నిజాం షుగర్స్ యూనిట్లు 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయాయి. 2015 డిసెంబర్‌లో తాళం పడింది. అప్పటినుంచి జీతాల బకాయిలు, చెరకు రైతుల వెతలు, మళ్లీ తెరవాలన్న డిమాండ్. ఈ హిసాబ్ అంతా మన దగ్గర ఉంది, ఉండాలి కూడా. కానీ ఆ ఖాతాలో నీళ్ల పేజీ తెల్లగానే ఉంది. ధర్నాలో బకాయి అడిగినోళ్లు, నీళ్ల లెక్క అడగలేదు. కడుపు కాలుతున్నోడికి మొదట రొట్టె గుర్తొస్తుంది, అందులో తప్పేం లేదు. కానీ రొట్టె పిండి కలిపేది కూడా నీళ్లతోనే.

కందకుర్తి దగ్గర మంజీరా, హరిద్ర గోదావరిలో కలుస్తాయి. హరిద్ర అంటే పసుపే. అక్కడినుంచి ఆ నీళ్లు శ్రీరాంసాగర్‌కు పోతాయి. 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన ప్రాజెక్టు అది. బోధన్ వైపు నేల మీదుగా పారిన నీళ్లలో ఏం కరిగిందో, అది కింది జిల్లాల ఖందాన్ల కుండల్లోకి కూడా చేరే సంగతి. పొరుగువాడి హక్ అంటే గోడ పక్క ఇల్లే కాదు, దర్యా కింది ఊరు కూడా.

కార్ఖానా తెరిచే రోజు వస్తే మంచిదే, వేల ఇళ్లకు ఖుషీ. ఆ రోజుకు ముందే నీళ్ల పరిస్థితి రాసి ఉంచాలి. లేకపోతే రేపు ఏది కొత్త మలినం, ఏది పాతది అని తేల్చే సబూత్ ఉండదు. తెరిచాక రాస్తే నిర్దోషి మీద నెపం పడొచ్చు, దోషి తప్పించుకోవచ్చు. కార్ఖానాకూ ఇది మేలే.

పని కూడా పెద్దదేం కాదు. కాలువ నీళ్లు వదిలాక ఒకసారి, ఎండాకాలం చివర ఒకసారి, మొదటి వానకు ఒకసారి. మంజీరా, ఒక కాలువ, ఒక చెరువు, కొన్ని పాత బావ్లీలు, కొన్ని బోర్లు. శుభ్రమైన ముదురు రంగు గాజు సీసా, సన్నటి వడపోత, ఐసు డబ్బా. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారో చీటీ. వెలుగు పరీక్షతో పాటే బాక్టీరియా, ఫ్లోరైడ్, నైట్రేట్ పరీక్షలు. రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ 2006 నుంచి ఉంది. ఫ్లోరోసెన్స్ కొలిచే మిషన్లు మందుల కంపెనీల పరిశోధనలో మామూలుగా వాడేవే. కెమిస్ట్రీ చదివే మన బిడ్డలు ప్రాజెక్టు ఏం చేయాలని అడిగితే, నెట్ నుంచి పాతది కాపీ కొట్టకుండా ఈ పని చేపట్టమని చెప్పండి. మొహల్లా కమిటీ, మస్జిద్ కమిటీ వాళ్లు సీసాలు, ఆటో ఖర్చు భరిస్తే చాలు.

మన తాతలు ఆ కార్ఖానాలో పాకం రంగు చూసి, దాన్ని ఎప్పుడు దించాలో చెప్పగలిగేవాళ్లు. అది కళ్ల హునర్. మనవళ్లు, మనవరాళ్లు నీళ్ల రంగును మిషన్‌తో చదివి ఎప్పుడు తాగాలో చెప్పడం కొత్త హునరేం కాదు, ఆ ఖాందానీ పనికి తర్వాతి మెట్టే. వచ్చే ఎండాకాలంలోపు ఒక్క బావ్లీతోనైనా మొదలవ్వాలి, ఇన్షా అల్లాహ్. మీ ఊళ్లో పాత బావ్లీ ఎక్కడుందో, దాని నీళ్లు ఎవరు వాడేవాళ్లో ఇంట్లో పెద్దలను అడిగి రాసి పెట్టుకోండి.